మీ పాత కారు పొగ ఏ రంగు?

తాలింపు మాడితే వంటింట్లోకి వెళ్ళి చూడకుండానే మనకు తెలిసిపోతుంది. ఆవాలు మాడాయా, నూనె ఎక్కువ కాగిందా, పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయా అన్నది హాల్లో కూర్చునే వాసన పట్టి చెప్పేస్తాం. ఈ విద్య మనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. రోజూ చూస్తుంటే వచ్చేసింది. ఇదే తెలివి ఇంటి ముందున్న కారు దగ్గరా పనికొస్తుందంటే చాలామంది నమ్మరు. "కారు సంగతి మనకేం తెలుసు, వాళ్ళే చూసుకుంటారు" అని పక్కకు తప్పుకుంటాం.

కాని ఒక్క విషయం ఆలోచించండి. కారు నడిపేవారు ముందుకు చూస్తారు, పొగేమో వెనకనుంచి వస్తుంది. పొద్దున్నే కారు బయటికి తీసేటప్పుడు గేటు వేయడానికి వెనకాల నిలబడేది మనమే. ముగ్గు దగ్గర నిలబడి, బాల్కనీలో బట్టలు ఆరేస్తూ దాన్ని చూసేదీ మనమే. అంచేత కారు పొగకు మొదటి సాక్షి ఇల్లాలే. ఆ సాక్ష్యం వివరంగా చెప్పగలిగితే ఇంటికి వేల రూపాయలు మిగులుతాయి.

ఎలాగంటారా? "కారు పొగ వదులుతోంది" అని ఒక్క ముక్క చెప్పి షెడ్డులో వదిలేస్తే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే. "ఇంజను బోరుకొచ్చిందమ్మా, దించాలి" అంటారు. ఇంజను దించి, విప్పి, బోరు చేయించడమంటే పాత కారు అమ్మితే వచ్చే డబ్బులో పెద్ద భాగం దానికే పోతుంది. కొన్నిసార్లు అది నిజంగానే అవసరం. కొన్నిసార్లు మాత్రం దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్ మారిస్తే సరిపోయే జబ్బుకు ఆ వైద్యం చేయించుకుంటాం. దీనికి తిరగేసిన నష్టం కూడా ఉంది. "పాత బండి, పొగ రాక ఏమొస్తుంది" అని ఊరుకుంటే, చిన్న ఖర్చుతో పోయేది ఇంజను మొత్తాన్ని తినేస్తుంది.

ఈ రెండు నష్టాలూ తప్పాలంటే నాలుగు సంగతులు గమనిస్తే చాలు. పొగ ఏ రంగు? ఎప్పుడు వస్తోంది? ఏ వాసన? కారులో ఏది తగ్గుతోంది, ఆయిలా, నీళ్ళా, పెట్రోలా?

ముందుగా ఒక హెచ్చరిక

పొగ పరీక్ష ఎప్పుడూ ఆరుబయటే చేయాలి. షట్టరు వేసిన గ్యారేజీలో, మూడు పక్కలా గోడలున్న పార్కింగులో ఇంజను ఆన్ చేసి నిలబడకండి. కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కంటికి కనిపించకపోయినా అది ఉంటుంది. తలనొప్పి, వికారం, మత్తు అనిపించేసరికే మనిషి లేచి వెళ్ళలేని స్థితికి రావచ్చు. పొగ గొట్టం కన్నాలు పడి కారు లోపలికే పొగ వాసన వస్తుంటే అద్దాలన్నీ దించి, ఆ రోజే షెడ్డుకు పంపండి. ఏసీ వేసుకుని ఆగి ఉన్న కారులో పిల్లల్ని నిద్రపుచ్చే అలవాటు ఉంటే మానేయండి.

పరీక్ష చేసేటప్పుడు కారు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. వెనకాల పిల్లలు ఉండకూడదు. పక్కకు నిలబడి చూడాలి తప్ప గొట్టానికి ఎదురుగా కాదు.

ఇంజనులో కాలవలసింది ఒక్కటే

ఇంజనులో గ్లాసులాంటి గుండ్రటి గదులుంటాయి. వాటిని సిలిండర్లు అంటారు. మారుతీ 800 లాంటి చిన్న కారులో మూడు, అంబాసిడర్‌లోనూ పద్మినిలోనూ నాలుగు. ప్రతి సిలిండర్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ఆ గదిలోకి పెట్రోలు, గాలి సరిపాళ్ళలో వెళ్ళి, ప్లగ్గు నుంచి వచ్చే నిప్పురవ్వతో కాలాలి. అక్కడ కాలవలసింది ఆ రెండూ కలిసిన మిశ్రమమే. గది చుట్టూ చల్లబరిచే నీళ్ళు తిరుగుతుంటాయి. కింద, పైన ఇంజన్ ఆయిల్ ఉంటుంది. ఈ రెండూ వాటి వాటి దారుల్లో ఉండాలి, గదిలోకి రాకూడదు.

ఇంతే లెక్క. నీళ్ళు లోపలికి వస్తే తెల్ల పొగ, ఆయిల్ వస్తే నీలి పొగ, పెట్రోలు పాళ్ళు మించితే నల్ల పొగ. ఇక ఒక్కొక్కటే చూద్దాం.

తెల్ల పొగ: ఆవిరా, జబ్బా?

డిసెంబరు, జనవరి చలిలో పొద్దున్నే కారు తెల్లగా పొగలు కక్కితే కంగారు పడకండి. పెట్రోలు కాలినప్పుడు నీరు కూడా తయారవుతుంది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరి రూపంలో బయటికి పోతుంది. చలికి ఆ ఆవిరి తెల్లగా కనిపిస్తుంది, చలిలో మన నోటి నుంచి వచ్చినట్టే. గొట్టం చివర నీటి చుక్కలు కూడా రాలుతాయి. గొట్టానికి రెండు మూడు అడుగుల దూరంలో గాలిలో కలిసిపోతూ, ఇంజను వేడెక్కగానే ఆగిపోతే అది ఆరోగ్యమే.

కారు పావుగంట నడిచి బాగా వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ దట్టంగా వస్తూ, కొంచెం తియ్యటి వాసన వేస్తుంటే మాత్రం సంగతి వేరు. ఇంజనును చల్లబరిచే కూలెంటు సిలిండర్‌లోకి కారుతోందన్నమాట. దీనికి ఎక్కువగా కారణం హెడ్ గాస్కెట్ పాడవడం. ప్రెషర్ కుక్కర్‌కు గాస్కెట్ ఎలాగో ఇంజను పై మూతకు, కింది దిమ్మకు మధ్య ఇదీ అలాంటిదే. కుక్కర్ గాస్కెట్ పాడైతే ఆవిరి పక్కలనుంచి తన్నుకొస్తుంది. ఇక్కడ గాస్కెట్ పాడైతే నీళ్ళ దారి, ఆయిల్ దారి, మంట గది ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. నీళ్ళు లేకుండా వేడెక్కించి నడిపిన కార్లలో హెడ్డు వంగిపోవడం, పగులు రావడం కూడా జరుగుతుంది.

ఇంట్లో చూసుకోవలసినవి మూడు. ఒకటి, రేడియేటర్‌కు అనుబంధంగా ఉన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు. ఎక్కడా నేలమీద కారకుండానే అది తగ్గిపోతూ ఉంటే నీళ్ళు ఇంజను లోపలికే పోతున్నాయని అనుమానించాలి. రెండు, ఆయిల్ కొలిచే కడ్డీ. దాన్ని డిప్ స్టిక్ అంటారు. దానిమీద ఆయిల్ పాలెక్కువైన కాఫీ రంగులో కనిపిస్తే అందులో నీళ్ళు కలిశాయి. ఆయిల్ పోసే మూత అడుగున మాత్రం కాస్త మీగడలా ఉంటే వెంటనే భయపడనక్కరలేదు. కారు రోజూ బడిదాకా, కూరగాయల బజారుదాకా మాత్రమే తిరుగుతూ ఉంటే ఆ తేమ మూతకు పడుతుంది. కడ్డీమీద కూడా అలాగే ఉంటేనే జబ్బు. మూడు, డాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు. అది ఎప్పుడూ ఉండేచోటు దాటి పైకి పోతుంటే కారు పక్కకు ఆపి ఇంజను కట్టేయాలి.

వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయడమంటే విజిల్ వస్తున్న కుక్కర్ మూత తీయడమే. లోపల నీళ్ళు ఒత్తిడిలో వందడిగ్రీలు దాటి కూడా ఉంటాయి. మూత తిప్పగానే ముఖమ్మీదికి ఎగజిమ్ముతాయి. పూర్తిగా చల్లారే వరకు ఎవరినీ ముట్టనీయకండి. మరో మాట, కూలెంటు తియ్యగా ఉంటుంది కాని విషం. మిగిలిన కూలెంటును కూల్ డ్రింకు సీసాల్లో పోసి పెట్టకండి. నేలమీద పడితే నీళ్ళు పోసి కడిగేయండి.

తెల్ల పొగ జబ్బయితే వాయిదా వేయకూడదు. ఇలాంటి కారును "ఊరికి వెళ్ళొచ్చి చూపిద్దాం" అని దూర ప్రయాణానికి తీస్తే గాస్కెట్‌తో పోయేది ఇంజను దాకా వస్తుంది.

నీలి పొగ: రంగు కన్నా సమయం ముఖ్యం

నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. మూకుట్లో నూనె మాడితే వచ్చే ఘాటు వాసనలాంటిది వస్తుంది. తెల్ల ఆవిరిలా ఇది వెంటనే మాయం కాదు, వీధిలో కాసేపు వేలాడుతుంది. సాయంత్రం మసక వెలుతురులో తెల్లదీ నీలిదీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఎండ వెలుగులోనే చూడాలి. అప్పటికీ అనుమానమైతే ఒక తెల్ల కాగితాన్ని పొగ గొట్టానికి అడుగు దూరంలో, చేతికి వేడి తగలకుండా ఒక నిమిషం పట్టుకోండి. ఆవిరైతే కాగితం తడిసి ఆరిపోతుంది. ఆయిల్ అయితే పకోడీలు వేసిన కాగితంలా జిడ్డు మరకలు మిగులుతాయి. నల్లటి పొడి మసి అంటితే పెట్రోలు ఎక్కువ కాలుతున్నట్టు.

మనవాళ్ళు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఈ నీలి పొగ దగ్గరే. ఎందుకంటే ఇందులో చిన్న జబ్బూ ఉంది, పెద్ద జబ్బూ ఉంది. రెండింటి రంగూ ఒకటే. తేడా తెలిసేది సమయాన్ని బట్టి.

రాత్రంతా ఆగి ఉన్న కారు పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక్కసారి బుస్సుమని నీలి పొగ వదిలి, నిమిషం రెండు నిమిషాల్లో ఆగిపోతుందా? అప్పుడు ఎక్కువగా అనుమానించవలసింది వాల్వ్ సీళ్ళను. ఇవి వాల్వు కాడలకు తొడిగే చిన్న చిన్న రబ్బరు ముక్కలు. కార్బురేటర్ ఉన్న మారుతీ 800లో వాల్వులు ఆరు. రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి, పగుళ్ళిచ్చి, రాత్రిపూట ఆయిల్ బొట్లు బొట్లుగా కిందికి దిగుతుంది. పొద్దున్నే అదే కాలుతుంది.

ఘాట్ రోడ్డు దిగాక కూడా ఇదే కనిపిస్తుంది. శ్రీశైలం వెళ్ళేటప్పుడు ఈగలపెంట దాటి కృష్ణ దగ్గరికి దిగే మలుపులు గుర్తున్నాయా? కారును గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసి దిగుతారు. అప్పుడు ఇంజను లోపల పీల్చే బలం ఎక్కువవుతుంది. పాడైన సీళ్ళ పక్కనుంచి ఆయిల్ లోపలికి వస్తుంది. దిగడం అయ్యాక మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనకాల నీలి మబ్బు లేస్తుంది. ఇదీ వాల్వుల వైపు జబ్బే.

అలా కాకుండా ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో వెళ్ళేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలి పొగ వస్తూ, బండికి లాగే శక్తి తగ్గి, ఆయిల్ త్వరత్వరగా పోతూ ఉంటే పిస్టన్ రింగులో, సిలిండర్ గోడలో అరిగిపోయాయని అనుమానించాలి. బోరుకు రావడం అంటే అసలు ఇదీ. వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా ఆయిల్ తాగుతుంటే తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ రెండూ కాక అతి చవకైన కారణాలు మరో రెండున్నాయి. ఒకటి ఆయిల్ ఎక్కువ పోయడం. కడ్డీమీద పై గీత దాటి ఉంటే ముందు దాన్ని తగ్గించి చూడాలి. రెండోది పి.సి.వి. వాల్వు, దాని గొట్టం మూసుకుపోవడం. ఇంజను అడుగు భాగంలో చేరే ఆవిర్లు బయటపడే దారి అది. కుక్కర్ విజిల్ గొట్టంలో పప్పు మెతుకు అడ్డం పడితే ఏమవుతుందో ఇక్కడా అదే. లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను పోకూడని చోటికి నెడుతుంది. శుభ్రం చేయడానికో, మార్చడానికో అయ్యేది కొద్ది ఖర్చు.

ఇది చెప్పినంత తేలిగ్గా షెడ్డులో పనికొస్తుందా అంటే, పనికొస్తుంది. మా పాత కారు పొద్దున్నే నీలి పొగ వదలడం మొదలెట్టినప్పుడు ఒక షెడ్డులో బానెట్ ఎత్తి చూసి, "బోరుకొచ్చింది మేడమ్, ఇంజను దించాలి" అన్నారు. మావారు అడ్వాన్సు ఇవ్వబోతుంటే నేనే అడిగాను, "స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారే వస్తోంది బాబూ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రావడం లేదు. కంప్రెషన్ చూశారా?" అని. చూడలేదు. మరో షెడ్డుకు తీసుకెళితే అక్కడి పెద్దాయన గేజి పెట్టి చూశాడు. సిలిండర్లన్నీ దాదాపు ఒకేలా, బాగానే చూపించాయి. "రింగులు బాగున్నాయమ్మా, సీళ్ళు పోయాయి అంతే" అన్నాడు. ఇంజను దించకుండానే సీళ్ళు మార్చాడు. బోరుకు చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు. ఆ పొగ మళ్ళీ రాలేదు. నేను చెప్పింది రెండే ముక్కలు: ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు.

నల్ల పొగ: మంట సరిగా లేదు

కిరోసిన్ స్టవ్ వాడిన వాళ్ళకు ఇది చెప్పక్కరలేదు. మంట నీలంగా ఉంటే గిన్నె శుభ్రంగా ఉంటుంది. ఎర్రగా, పచ్చగా లేస్తే గిన్నె అడుగంతా మసి. గాలి చాలకనో, నూనె ఎక్కువయ్యో అలా అవుతుంది. కారులో నల్ల పొగా అంతే. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. పొగ గొట్టం లోపల వేలు పెడితే పొడిగా నల్లటి మసి అంటుతుంది. చల్లారిన తరువాతే చూడండి. వెనకాల పెట్రోలు వాసన వేస్తుంది. బండి ఇచ్చే మైలేజీ తగ్గుతుంది.

మొదట చూడవలసింది ఎయిర్ ఫిల్టర్. మన ఊళ్ళ దుమ్ముకు, ఇళ్ళ ముందు సాగే కట్టడాల సిమెంటుకు అది తొందరగా మూసుకుపోతుంది. విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వెలుగు కనబడాలి. కాగితపు ఫిల్టర్‌ను నీళ్ళతో కడగకూడదు, బాగా మట్టిపట్టి ఉంటే మార్చేయడమే. కార్బురేటర్ ఉన్న కారైతే చోక్ పూర్తిగా లోపలికి వెళ్ళిందో లేదో చూడండి. చలికి చోక్ లాగి స్టార్ట్ చేసి, దాన్ని అలాగే మరచిపోయే వాళ్ళు చాలామంది. తీగ బిగుసుకుని చోక్ సగంలో ఆగడమూ ఉంటుంది. ఆ తరువాత కార్బురేటర్‌లో పెట్రోలు మట్టం చూసే ఫ్లోట్, నీడిల్ వాల్వు. ఫ్లష్ ట్యాంకులో బంతి సరిగా లేవకపోతే నీళ్ళు పొంగి పోయినట్టే ఇక్కడ పెట్రోలు పొంగుతుంది.

ఇంజక్షన్ ఉన్న కార్లలో, అంటే ఎం.పి.ఎఫ్.ఐ. అని రాసి ఉండే వాటిలో చోక్ ఉండదు. ఇంజెక్టరు కారుతున్నా, గాలినీ వేడినీ ఆక్సిజన్‌నూ కొలిచే సెన్సార్లు తప్పు లెక్క చెప్పినా కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. చాలావాటిలో డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ దీపం వెలుగుతుంది. స్కానర్ పెట్టి చూడమనండి.

పెట్రోలు వాసన కారు ఆగి ఉన్నప్పుడు కూడా వేస్తుంటే అది పొగ జబ్బు కాదు, ఎక్కడో గొట్టం కారుతోంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి తగ్గట్టు తయారుకాని పాత కార్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు త్వరగా పాడయ్యే అవకాశం ఉంది. సర్వీసింగుకు ఇచ్చినప్పుడల్లా వాటిని కూడా చూడమని ప్రత్యేకంగా చెప్పండి. కారుతున్న కారును స్టార్ట్ చేయనివ్వకండి, నిప్పు ప్రమాదం.

డీజిల్ కారైతే

డీజిల్ బండి లెక్క కొంచెం వేరు. ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు పాత డీజిల్ కారు కొద్దిగా నల్ల పొగ వదలడం మామూలే. ఎప్పుడూ వదులుతుంటే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, పంపు చూపించాలి. పొద్దున్నే తెల్ల పొగ వచ్చి, పచ్చి డీజిల్ వాసన వేస్తూ ఇంజను వణుకుతుంటే అది నీళ్ళ పొగ కాదు, కాలని డీజిల్. ఇంజనును ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గులు పనిచేయకపోతే అలా అవుతుంది. టర్బో ఉన్న కారు నీలి పొగ వదిలితే ఇంజను విప్పేముందు టర్బోలోంచి ఆయిల్ కారుతోందేమో చూడమనాలి.

వారం రోజుల పద్దు

పాల లెక్క, గ్యాసు బండ మార్చిన తేదీ, ఇస్త్రీ బట్టల లెక్క రాసుకుంటాం కదా, అదే పుస్తకంలో ఒక పేజీ కారుకు కేటాయించండి. ఏడు రోజులు రాస్తే చాలు.

రోజూ రాయవలసినవి: తేదీ, మీటరులో కిలోమీటర్లు, స్టార్ట్ చేయగానే పొగ రంగు, ఎన్ని నిమిషాలకు ఆగింది, ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చిందా, ఏ వాసన. వారం మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఆయిల్ మట్టం, నీళ్ళ మట్టం. పెట్రోలు పోయించిన రోజు ఎన్ని లీటర్లు, ఏ బంకు అన్నది కూడా రాయండి. ఒక బంకులో పోయించిన దగ్గరనుంచే పొగ మొదలైతే ముందు పెట్రోలును అనుమానించాలి.

ఆయిల్ చూడడం కష్టమేమీ కాదు. కారు సమంగా ఉన్నచోట నిలిపి, ఇంజను ఆపి పది నిమిషాలు ఆగండి. కడ్డీ తీసి పాత గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా లోపలికి పెట్టి తీయండి. రెండు గీతల మధ్య ఎక్కడ ఉందో చూడండి. కింది గీత కన్నా తగ్గితే కంపెనీ పుస్తకంలో రాసిన రకమే పోయించాలి. నీళ్ళ మట్టం ఇంజను చల్లగా ఉన్నప్పుడు బయటి డబ్బా మీదే చూడవచ్చు, మూత తీయక్కరలేదు.

షెడ్డులో ఇవి అడగండి

పుస్తకం చేతిలో ఉంటే మాట్లాడే తీరే మారుతుంది. మంచి మెకానిక్ దానికి సంతోషిస్తాడు కూడా, అతనికి సగం పని తగ్గుతుంది.

ప్లగ్గులన్నీ విప్పి చూపించమనండి. లేత ఇటుక రంగులో ఉంటే మంట బాగుంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ వస్తోంది. పొడిగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. ఒక్క ప్లగ్గు మాత్రమే వేరుగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌లో ఉన్నట్టు.

కంప్రెషన్ టెస్టు చేయకుండా ఇంజను దించడానికి ఒప్పుకోకండి. ప్లగ్గు చోట గేజి పెట్టి, ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి ఇస్తోందో చూసే పరీక్ష ఇది. అంకెలు కంపెనీ చెప్పినదానికి దగ్గరగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఏదైనా తక్కువ చూపిస్తే ఆ సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి మళ్ళీ చూడమనండి. ఈసారి అంకె పెరిగితే రింగుల జబ్బు, పెరగకపోతే వాల్వులదో గాస్కెట్‌దో.

తెల్ల పొగయితే రేడియేటర్‌కు ప్రెషర్ టెస్టు చేయమనండి. ఏ భాగం మార్చినా పాత భాగం చేతికివ్వమని ముందే చెప్పండి. "చిక్కటి ఆయిల్ పోస్తా, పొగ ఆగిపోతుంది" అంటే అది కొద్దిరోజుల ముచ్చటే అని గుర్తుంచుకోండి. జ్వరం తగ్గకుండా థర్మామీటర్ దాచినట్టు.

సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోవద్దు

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే కారు బాగున్నట్టేనని చాలామంది నమ్మకం. పెట్రోలు కారుకు ఆ పరీక్షలో చూసేది ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, అదీ ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు. పొద్దున్నే ఒక్క నిమిషం వచ్చే నీలి పొగ అందులో పట్టుబడకపోవచ్చు. పొగ చిక్కదనం కొలిచేది డీజిల్ కార్లకు. కనుక సర్టిఫికెట్ చట్టానికి, మీ పుస్తకం కారుకు.

అలాగని సర్టిఫికెట్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. బి.ఎస్.4 కన్నా పాత కార్లకు అది ఆరునెలలకే చెల్లుతుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, కాలుష్య పరిమితి మీరిన బండి నడిపితే మొదటిసారికే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, లైసెన్సు మూడు నెలలు రద్దు అని రాసి ఉంది. పదిహేనేళ్ళు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఇన్‌స్పెక్టరు చూసి సరేననాలి. పొగ వదిలే కారు అక్కడ నిలబడదు.

సెకండ్ హ్యాండ్ కొనేవారికి ఒక్కమాట

కారు చూడ్డానికి వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పొద్దుటి పొగంతా పోగొట్టి ఉండవచ్చు. "రేపు పొద్దున్నే వస్తాం, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పి వెళ్ళండి. మర్నాడు వారు తాళం తిప్పేటప్పుడు మీవారు ముందు నిలబడి ఇంజను చప్పుడు వింటే, మీరు వెనక నిలబడి పొగ చూడండి.

చివరగా, తొందర ఎంతో తెలుసుకోండి. వేడెక్కాక కూడా తెల్ల పొగ వచ్చి నీళ్ళు తగ్గుతుంటే కారు కదపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి. నల్ల పొగ అయితే ఈ వారంలో చూపించండి, ఆలస్యమైనకొద్దీ పెట్రోలు డబ్బు గాలిలో కలుస్తుంది. పొద్దున్నే ఒక్కసారి వచ్చే నీలి పొగ అయితే ఆయిల్ మట్టం చూసుకుంటూ నెల రోజులు ఆగి, డబ్బు సర్దుకుని చేయించినా నష్టం లేదు. తొక్కినంతసేపూ నీలి పొగే అయితే మాత్రం ముందు కంప్రెషన్ టెస్టు, ఆ అంకెలు చూశాకే కారుంచుకోవాలా, అమ్మేయాలా అన్న ఆలోచన.

రేపు గేటు వేసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి వెనక్కి చూడండి. కనిపించింది కనిపించినట్టు పుస్తకంలో రాయండి.